ముక్కండి, బిగపట్టండి: ఓ సర్జన్ ల్యాబ్‌లో గడిపిన రెండేళ్లు

(ఒక వైద్య కళాశాల జనరల్ సర్జరీ విభాగంలో పీజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సార్‌లకు, మేడమ్‌లకు నమస్కారం. పీజీ తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ కూడా. నైట్ డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికొచ్చి కూర్చున్నవాళ్లు ముందు వరుసలోనే కనిపిస్తున్నారు. నిద్రొస్తే పడుకోండి, నేనేమీ అనుకోను. ఇలాంటి బెంచీల మీద నేనూ బాగానే నిద్రపోయాను.

నేను లండన్‌లో రెండేళ్లు క్లినికల్ రీసెర్చ్ ఫెలోగా చేశాను. సబ్జెక్టు కోలోరెక్టల్ ఫిజియాలజీ. అంటే పెద్దపేగు చివరి భాగం, పురీషనాళం, మలద్వారం, వాటి చుట్టూ ఉన్న కండరాలు ఎలా పనిచేస్తాయో, ఎందుకు పనిచేయడం మానేస్తాయో కొలిచి చూసే పని. చేరిన వారంలో అమ్మ ఫోన్ చేసింది. ‘అక్కడ ఆపరేషన్లేనా నువ్వు చేసేది?’ అని అడిగింది. లేదమ్మా, రెండేళ్లు పరిశోధన అన్నాను. దేనిమీద అంది. చెప్పాను. కాసేపు అటునుంచి మాట లేదు. ‘ఇంకేమీ దొరకలేదా నాయనా?’ అంది. నాన్నయితే కాలనీలో ‘మావాడు పేగుల మీద రీసెర్చ్ చేస్తున్నాడు’ అని చెప్పుకునేవారు. పేగుల్లో ఏ భాగమని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. (నవ్వులు)

నవ్వండి, ఫరవాలేదు. కానీ ఈ నవ్వు దగ్గరే అసలు సంగతి ఉంది. అడగడానికి మనకి సిగ్గు, చెప్పడానికి పేషెంటుకి సిగ్గు. ఈ రెండు సిగ్గుల మధ్య ఎంత జబ్బు దాక్కుంటుందో ఆ రెండేళ్లలో చూశాను. ఇవాళ చెప్పేదంతా దాని గురించే.

ముందు ఫెలోషిప్ అంటే ఏమిటో రెండు మాటలు. బ్రిటన్‌లో సర్జరీ స్పెషాలిటీ ట్రైనింగ్ ఎస్‌టీ3 నుంచి ఎస్‌టీ8 దాకా, అంటే మూడో ఏడాది మెట్టు నుంచి ఎనిమిదో ఏడాది మెట్టు దాకా ఉంటుంది. మధ్యలో కొందరు ట్రైనింగ్‌కి విరామం ఇచ్చి రెండేళ్లో మూడేళ్లో పరిశోధనకి వెళ్తారు. రెండేళ్లయితే ఎండీ, మూడేళ్లయితే పీహెచ్‌డీ. ఇక్కడో తిరకాసు ఉంది. అక్కడ ఎండీ అంటే మన ఎండీ కాదు, సిద్ధాంత గ్రంథం రాస్తే వచ్చే పరిశోధన పట్టా. ఈ సంగతి తెలియక మా బంధువుల్లో ఒకాయన ‘ఎమ్మెస్ చేసి మళ్లీ ఎండీ ఎందుకు, ఫిజీషియన్ అవుతావా?’ అని బెంగపడ్డారు.

నాలాగా బయటినుంచి వెళ్లినవాళ్లది ఇంకో దారి. ట్రైనింగ్ నంబర్, అంటే ఆ ట్రైనింగ్‌లో సీటు, దొరకనివాళ్లు ఫెలోగా చేరి, పేపర్లు రాసి, మంచి రిఫరెన్సులు సంపాదించుకుని మళ్లీ ఇంటర్వ్యూకి వెళ్తారు. నిజం చెప్పాలంటే ఫిజియాలజీ మీద ప్రేమతో నేను వెళ్లలేదు. మొదటిసారి ఇంటర్వ్యూ పోయింది. వీసా గడువు దగ్గరపడుతోంది. ఖాళీ కనిపిస్తే అప్లై చేశాను. లాపరోస్కోపీ ఫెలోషిప్ దొరికి ఉంటే ఇవాళ మీతో ఈ మాటలు మాట్లాడేవాణ్ణి కాదు.

ఇక ల్యాబ్. కిటికీ లేని చిన్న గది. ఓ మంచం, చుట్టూ కర్టెన్, పక్కనే టాయిలెట్, ఓ కంప్యూటర్. అక్కడ నాకు గురువు ఒక ఫిజియాలజిస్టు. ఆవిడ డాక్టర్ కాదు, సైంటిస్టు. ఆ గదిలోనే ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి. మొదటి రోజే నాతో, ‘సర్జన్లు ఇక్కడికొచ్చి మొదటి నెలంతా తొందరపడతారు, రెండో నెలలో విసుక్కుంటారు, మూడో నెల నుంచి పనికొస్తారు’ అంది. నా విషయంలో నాలుగో నెల పట్టింది.

హై రిజల్యూషన్ మానోమెట్రీ, అంటే అక్కడి కండరాల ప్రెషర్ కొలిచే పరీక్ష, ఎలా చేస్తారో చెప్తాను. మీలో చాలామంది చూసి ఉండరు. పేషెంటు ఎడమవైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకుంటారు. కేథటర్, అంటే లోపలికి పెట్టే గొట్టం, మీ చిటికెన వేలికంటే సన్నం. దాని పొడవునా సెన్సర్లుంటాయి, కొసన చిన్న బెలూన్. ఆ ఒక్క కేథటర్ డబ్బుతో మన దగ్గర చిన్న కారొకటి వస్తుంది కాబట్టి మొదటిసారి పట్టుకున్నప్పుడు నా చెయ్యి వణికింది. లోపల పెట్టాక మూడు నిమిషాలు ఏమీ చేయకూడదు. కండరం కుదుటపడాలి. ఆ మూడు నిమిషాలు ఊరికే నిలబడటమే నాకు కష్టమైంది. చేతులు కట్టుకుని నిలబడటం సర్జన్‌కి ఎవరూ నేర్పరు.

తర్వాత 60 సెకన్లు విశ్రాంతిలో ఉన్న ప్రెషర్ చూస్తాం. 5 సెకన్ల చొప్పున మూడుసార్లు బిగించమంటాం. 30 సెకన్లు ఒకే పట్టున బిగించమంటాం. రెండుసార్లు దగ్గమంటాం. 15 సెకన్ల చొప్పున మూడుసార్లు ముక్కమంటాం. తర్వాత బెలూన్‌లోకి కొంచెం కొంచెంగా గాలి ఎక్కిస్తూ ‘ఇప్పుడు తెలుస్తోందా? ఇప్పుడు వెళ్లాలనిపిస్తోందా? ఇంక ఆపుకోలేరా?’ అని అడుగుతాం. ఈ వరుసంతా అంతర్జాతీయంగా కూర్చుని ఒప్పుకున్నది. 2020లో లండన్ క్లాసిఫికేషన్ పేరుతో వచ్చింది. అంతకు ముందు ఏ ల్యాబ్ పద్ధతి ఆ ల్యాబ్‌దే. ఒకచోట నార్మల్ అన్న మనిషి ఇంకోచోట జబ్బు మనిషి.

తెరమీద ప్రెషర్ రంగుల్లో కనిపిస్తుంది. తక్కువుంటే నీలం, పెరిగేకొద్దీ పసుపు, ఎరుపు. మలద్వారం ఓ ఎర్రటి పట్టీలా అడ్డంగా సాగుతుంది. మామూలుగా కూర్చున్నప్పుడు మనల్ని కాపాడే ఆ పట్టీలో ఎక్కువ భాగం లోపలి స్ఫింక్టర్‌ది, అంటే మలద్వారాన్ని చుట్టి మూసి ఉంచే లోపలి కండరానిది. అది మన మాట వినదు, దాని పని అది చేసుకుపోతుంది. మనం కావాలని బిగిస్తే తోడొచ్చేది బయటి స్ఫింక్టర్. బెలూన్ ఉబ్బగానే ఏమవుతుందో చూడండి. ఎర్ర పట్టీ కొన్ని సెకన్లు పలచబడి నీలంలోకి దిగి మళ్లీ లేస్తుంది. అదే రెక్టో ఏనల్ ఇన్హిబిటరీ రిఫ్లెక్స్. పుట్టుకతోనే పేగు చివర నరాల కణాలు లేని హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధిలో ఉండదని పరీక్ష కోసం బట్టీపట్టి ఉంటారు. నేనూ అంతే. అది ఎందుకుందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. తలుపు కొంచెం తీసి, కిందికొచ్చింది గాలా, నీళ్లా, గట్టిదా అని అక్కడి చర్మం పసిగట్టడానికి. పెళ్లి పంక్తిలో పెద్దల మధ్య కూర్చుని గాలి మాత్రమే వదిలి, పరువు దక్కించుకుని లేస్తున్నామంటే దాని పుణ్యమే. 1877లోనే దీన్ని గవర్స్ గమనించి రాశాడు. గవర్స్ సైన్ అంటారే, ఆ న్యూరాలజిస్టే.

లండన్‌లో ఈ విద్యకి పాత చరిత్ర ఉంది. 1835లో ఫ్రెడరిక్ సామన్ అనే సర్జన్ ఆల్డర్స్‌గేట్ వీధిలో ఏడు పడకలతో ఓ చిన్న ఆసుపత్రి పెట్టాడు, ఫిస్టులాతోనూ (మలద్వారం పక్కన పడే దొంగదారి, భగందరం) పురీషనాళం జబ్బులతోనూ బాధపడే పేదల కోసం. అదే తర్వాత సెయింట్ మార్క్స్ అయింది. 1841లో నవలాకారుడు చార్లెస్ డికెన్స్‌కి ఫిస్టులా ఆపరేషన్ చేసింది ఈ సామనే. ఈథర్ ఇంకా రాలేదు, మత్తు లేకుండానే కోశారు. పక్కవాడితో చెప్పుకోలేని జబ్బుకి అంత పేరున్న మనిషైనా అదే బల్ల ఎక్కాలి మరి. ఇరవయ్యో శతాబ్దంలో సర్ అలన్ పార్క్స్ అక్కడే పనిచేశాడు. ఫిస్టులాకి 1976లో ఆయన చేసిన వర్గీకరణ మీ వైవాలో అడుగుతారు. అది నిలిచింది. మలం ఆగడానికి పురీషనాళం ముందుగోడ మూతలా పడటమే కారణమని ఆయన చెప్పిన సిద్ధాంతం మాత్రం తర్వాత కొలతలకి నిలవలేదు. అంత పెద్దాయన ఊహ అయినా కొలిచి చూసేదాకా ఊహే.

సరే, ఇప్పుడు అసలు కథ. ఈస్ట్ లండన్‌లో, ముఖ్యంగా ఈస్ట్‌హామ్ వైపు మనవాళ్లు బాగానే ఉంటారు. ఓ రోజు లిస్టులో తెలుగు పేరు కనిపించింది. డెబ్బై దాటిన ఆవిడ, కొడుకు దగ్గరే స్థిరపడ్డారు. మలబద్ధకం, ఎంతసేపు కూర్చున్నా పూర్తిగా రాదు. ఇంకోచోట అప్పటికే ఒకసారి మానోమెట్రీ చేశారు. ముక్కినప్పుడు వదలాల్సిన కండరం బిగుసుకుంటోందని రిపోర్టు. డిస్సినర్జియా అంటాం. మళ్లీ చెయ్యమని మా దగ్గరికి పంపారు. కూడా కోడలు వచ్చింది. పోయినసారి అనువాదం చేసింది కూడా ఆ అమ్మాయే.

మా ఫిజియాలజిస్టు అలవాటుగా ఇంగ్లీషులో ‘స్క్వీజ్’ అంది. మామ్మగారు పిడికిలి బిగించారు. తెరమీద నీలం నీలంగానే ఉంది. ‘పుష్’ అంది. మంచం అంచుని చేత్తో నెట్టారు. కోడలి వైపు చూశాను. ఆ అమ్మాయి మొహం కందిపోయింది. ‘మీరే చెప్పండి అన్నయ్యా, అత్తయ్యతో ఆ మాటలు నాకు నోరు రావు’ అంది. పోయినసారి ఏం చెప్పావమ్మా అంటే, ‘గట్టిగా చెయ్యండత్తయ్యా అన్నానండీ, అన్నిటికీ’ అంది.

అన్నిటికీ! బిగించమన్నా గట్టిగానే, ముక్కమన్నా గట్టిగానే. పాపం ఆవిడ అన్నిసార్లూ గట్టిగా బిగపట్టే ఉంటారు. దాన్ని యంత్రం నమ్మకంగా రాసుకుంది, డాక్టరు నమ్మకంగా జబ్బు పేరు పెట్టాడు.

అమ్మాయిని బయట కూర్చోమని చెప్పి, తల దగ్గరికి వెళ్లి కింద కూర్చున్నాను. ‘మామ్మగారూ, పదిమందిలో ఉన్నప్పుడు గాలి పోకుండా ఎలా ఆపుకుంటారో అలా బిగపట్టండి’ అన్నాను. ఆవిడ కళ్లు మూసుకుని నవ్వారు. తెరమీద ఎర్ర పట్టీ లేచింది, ఆ వయసుకి నేను ఊహించినదానికంటే బాగా. ‘ఇప్పుడు దొడ్డికి కూర్చున్నట్టు ముక్కండి’ అన్నాను. మొదటిసారి సందేహించారు. ‘ఇక్కడా? పక్క పాడైతేనో నాయనా?’ అన్నారు. పాడైతే నేనే తీస్తాను, మీకెందుకు అన్నాను. రెండోసారి ముక్కారు, కండరం వదిలింది. మూడోసారి ఇంకా బాగా. బెలూన్ పరీక్షలో 50 మిల్లీలీటర్ల నీళ్ల బెలూన్ నిమిషం లోపే బయటికొచ్చేసింది. ఆవిడకి డిస్సినర్జియా లేదు. ఆమెతో ఆమె భాషలో మాట్లాడే మనిషి లేకపోవడమే జబ్బయి కూర్చుంది. ఆ తర్వాత మందుల చీటీలన్నీ తిరగేస్తే మోకాళ్ల నొప్పికి వేసుకుంటున్న ట్రమడాల్ బయటపడింది. మలబద్ధకానికి అది చాలు.

ఇది భాష రాని ఒక్క పెద్దావిడ కథ అనుకోకండి. ఇంగ్లీషే మాతృభాష అయినవాళ్లకీ ఇదే గొడవ. ఏ ఇబ్బందీ లేని 85 మంది ఆడవాళ్లకి ఇదే పరీక్ష చేసి 2016లో లండన్ పరిశోధకులు ప్రచురించారు. వాళ్లలో 87 శాతం మందికి డిస్సినర్జియా లాంటి గీతే వచ్చింది! ఆలోచిస్తే అందులో వింతేముంది? పరాయి గదిలో, పక్కకి తిరిగి పడుకుని, ఇద్దరు చూస్తుండగా ముక్కమంటే ఏ మనిషి శరీరం వదులుతుంది? చిన్నప్పటి నుంచి అలా వదలకూడదనే కదా నేర్పారు.

దీని దెబ్బ నా సొంత పరిశోధనకీ తగిలింది. మొదటి ఆరు నెలల్లో నేను పోగుచేసిన రికార్డులు తిరగేస్తే, పరీక్ష చేసిన ముగ్గురం మూడు రకాలుగా మాటలు చెప్పాం. ఒకరు బెలూన్‌లో గాలి త్వరగా ఎక్కించారు, ఇంకొకరు మెల్లగా. వేగం ఎక్కడా రాసుకోలేదు. తప్పు ప్రధానంగా నాదే, ప్రొటోకాల్ కాగితం గోడకి అతికించి చదవడం మానేశాను. మా సూపర్‌వైజర్ కోప్పడలేదు. ‘ఎంతమంది?’ అన్నాడు. నలభై అన్నాను. ‘అయితే సున్నా నుంచి మొదలుపెట్టు’ అని టీ తెచ్చుకోవడానికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ నలభై మందీ సిగ్గు విడిచి నా ముందు పడుకున్నవాళ్లు. వాళ్ల సహనాన్ని పారబోశాను. మన పీజీ థీసిస్‌ల్లో మాస్టర్ చార్టు, అంటే పేషెంట్ల వివరాల పట్టిక, చివరి నెలలో కూర్చుని నింపే అలవాటు కొందరికి ఉంది. ఎవరినీ ఎత్తిచూపడం లేదు, నేనూ ఆ తానులో ముక్కనే. అక్కడ ఆ రోజు మాత్రం బాగా సిగ్గేసింది.

నా పరిశోధన పురీషనాళం క్యాన్సర్‌కి ఆపరేషన్ అయినవాళ్ల మీద. కింది దాకా కోసి, పేగుని మళ్లీ కలిపి, పొట్టమీద శాశ్వతంగా మలం సంచి పెట్టకుండా పంపిస్తాం కదా, లో ఆంటీరియర్ రిసెక్షన్. అతుకు లీక్ కాలేదు, మార్జిన్లు క్లియర్, అంటే కోసిన అంచుల్లో క్యాన్సర్ లేదు. సర్జన్‌కి పండగ. పేషెంటుకి? ఆ తర్వాత వచ్చే తంటాలకి లార్స్, అంటే లో ఆంటీరియర్ రిసెక్షన్ సిండ్రోమ్, అని పేరు. దాన్ని కొలవడానికి డెన్మార్క్ వాళ్లు 2012లో అయిదు ప్రశ్నల స్కోరు ఇచ్చారు, మొత్తం 42. ముప్పై గానీ ఆపైన గానీ వస్తే తీవ్రం కింద లెక్క. ఆ అయిదింటికీ మార్కులెలా పంచారో చూడండి. రోజుకి ఎన్నిసార్లు వెళ్తున్నారు అన్నదానికి గరిష్ఠంగా 5. వెళ్లొచ్చి కూర్చోగానే గంటలోపే మళ్లీ వెళ్లాల్సి వస్తోందా, దానికి 11. పరుగెత్తాల్సి వస్తోందా, దానికి 16. పేషెంట్లని అడిగి, జీవితాన్ని ఏది ఎక్కువ పాడుచేస్తోందో లెక్కగట్టి వేసిన మార్కులివి. మన ఓపీలో మనం అడిగేదేమిటి? ‘మోషన్ ఎన్నిసార్లు?’ అంతే. అయిదు మార్కుల ప్రశ్న అడిగి, పదహారు మార్కులది వదిలేస్తున్నాం.

ఒకాయన ఉండేవాడు. లండన్‌లో ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైనవాడు. ఆపరేషన్ అయి రెండేళ్లు. ప్రతి ఫాలోఅప్‌లోనూ ‘అంతా బాగుంది డాక్టర్, థాంక్యూ’ అన్నట్టు కేస్‌షీట్‌లో ఉంది. రోజుకి అయిదారుసార్లు, అంతే. నేను స్కోరు వేస్తే 39 వచ్చింది. లెక్క తప్పానేమో అని మళ్లీ లెక్కేశాను. బాగుందని ఎందుకు చెప్పారని అడిగితే ఆయన, ‘క్యాన్సర్ లేకుండా చేసిన మనిషి ముందు కూర్చుని దీని గురించి ఏం ఫిర్యాదు చేస్తాను?’ అన్నాడు. ఏడాదిగా మనవరాలి స్కూల్లో జరిగే దేనికీ వెళ్లలేదట. ఎక్కడికైనా వెళ్లాలంటే తను నడిపిన పాత రూట్లోనే వెళ్తాడు. ఎందుకంటే ఆ దారిలో టాయిలెట్లు ఎక్కడెక్కడున్నాయో కంఠతా వచ్చు.

ఎందుకిలా అవుతుందో ఆయనకి బొమ్మ గీసి చూపించాను. నిలవ ఉంచే సంచి లాంటి పురీషనాళం పోయింది. దాని స్థానంలోకి దింపిన పెద్దపేగుకి నిలవ చేయడం తెలియదు, తోయడమే తెలుసు. రేడియేషన్ తగిలితే సాగే గుణం ఇంకా తగ్గుతుంది. ఇందాక చెప్పిన పసిగట్టే రిఫ్లెక్స్ కూడా దెబ్బతింటుంది, గాలో నీళ్లో తెలియదు. సర్జన్లు ఊరుకోలేదు. 1986లో ఫ్రాన్స్ నుంచి రెండు బృందాలు, లజోర్త్ వాళ్లదొకటి, పార్క్ వాళ్లదొకటి, పేగుని మడిచి జే ఆకారంలో చిన్న సంచి కుట్టి కలపొచ్చని చూపించాయి. మొదటి ఏడాది రెండేళ్లు దానివల్ల మేలే. ఆయన బొమ్మకేసి చాలాసేపు చూశాడు. ‘ఇది ఆపరేషన్‌కి ముందు చెప్పుంటే బాగుండేది’ అన్నాడు. చెప్పాల్సింది మేమే. కన్సెంట్ ఫారంలో లీక్ అని, ఇన్ఫెక్షన్ అని, ప్రాణానికి ముప్పని రాశాం. పరుగెత్తాల్సి వస్తుందని రాయలేదు.

ఆడవాళ్ల సంగతి ఇంకో లోకం. 1993లో సుల్తాన్, ఆయన తోటివాళ్లు చేసిన పని మీరు చదవాలి. గర్భిణులకి కాన్పుకి ముందు, కాన్పైన ఆరువారాలకి మలద్వారం లోపలినుంచి అల్ట్రాసౌండ్ చేశారు. మొదటిసారి మామూలు కాన్పైనవాళ్లలో 35 శాతం మందికి స్ఫింక్టర్‌లో చీలిక కనిపించింది. బయటికి కుట్లు చక్కగా ఉన్నాయి, లోపల కండరం విడిపోయి ఉంది. వాళ్లలో చాలామందికి అప్పటికి ఏ ఇబ్బందీ లేదు. ముట్లుడిగాక, కండరానికి వయసు మీద పడ్డాక మొదలవుతుంది. అప్పటికి కాన్పు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఆ పేపర్ చదువుతుంటే మా మేనత్త గుర్తొచ్చింది. నలుగురు పిల్లలు, నాలుగూ ఇంట్లోనే మంత్రసాని చేతిలో. ఆవిడ రోజుకి నాలుగైదుసార్లు స్నానం చేసేది. చీర మార్చేది, దొడ్లో తనే ఉతికి ఆరేసుకునేది. ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. మడి పిచ్చి అనేవాళ్లం అందరం. తిరుపతి వెళ్దాం రా అత్తయ్యా అంటే ‘బస్సు పడదురా నాకు’ అనేది. పెళ్లిళ్లలో చివరి కుర్చీలో, గుమ్మం పక్కన కూర్చునేది. పిల్లలం వెక్కిరించేవాళ్లం కూడా. లండన్‌లో, కిటికీ లేని ఆ గదిలో, ఆవిడ వయసు ఇంగ్లీషావిడ ఒకరు ‘నేను రోజూ నాలుగుసార్లు స్నానం చేస్తాను డాక్టర్, వాసనొస్తుందేమోనని భయం’ అన్నప్పుడు నా చేతిలో పెన్ను ఆగిపోయింది. అత్తయ్య పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆవిడది మడే కావచ్చు, నేను రుజువు చేయలేను. ఇంట్లో ఒక డాక్టరు ఉండి కూడా ఒక్కసారీ అడగలేదు, అదొక్కటే తెలుసు.

అడగడం మందు కూడా అవుతుందా? దీనిమీద నాకు బాగా నచ్చిన ట్రయల్ క్రిస్టీన్ నార్టన్‌ది. ఆవిడ నర్సు. మలం ఆపుకోలేనివాళ్లకి బయోఫీడ్‌బ్యాక్, అంటే కండరం ఎలా పనిచేస్తోందో యంత్రం మీద చూపిస్తూ దాన్ని అదుపు చేయడం, నేర్పడంలో చేయి తిరిగినావిడ. 2003లో 171 మందిని నాలుగు గుంపులుగా చేసి తన విద్యనే పరీక్షకి పెట్టింది. ఒక గుంపుకి నర్సు కూర్చుని మాట్లాడి, తిండి గురించీ అలవాట్ల గురించీ మంచి సలహాలివ్వడం మాత్రమే. మిగతావాళ్లకి వ్యాయామాలు, ఆపైన యంత్రాలతో బయోఫీడ్‌బ్యాక్. యంత్రాలవల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. మాటలు, సలహాలు మాత్రమే దొరికినవాళ్లలోనూ సగానికి పైగా మెరుగయ్యారు. తను నమ్మిన పద్ధతి ఓడిపోయిన లెక్కని తనే ప్రచురించడానికి గుండె కావాలి.

2015లో కాన్ఫిడెంట్ అనే ట్రయల్ వచ్చింది. చీలమండ దగ్గర నరానికి కరెంటు ఇచ్చే పద్ధతి అప్పటికే చాలాచోట్ల వాడుతున్నారు. 227 మందిలో సగం మందికి నిజం కరెంటు, సగం మందికి ఉత్తుత్తిది. నిజంది తీసుకున్నవాళ్లలో 38 శాతం మందికి ఇబ్బంది సగానికి సగం తగ్గింది. ఉత్తుత్తిదానికి 31 శాతం. తేడా లెక్కలోకి రాదు. ఇలాంటివి చదివాక ఆపరేషన్ మీద నా గుడ్డి నమ్మకం కొంచెం కరిగింది. ‘చేశాం, తగ్గింది, కాబట్టి పనిచేసింది’ అని సీనియర్లు ఎవరైనా అంటే ఇప్పుడు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. సార్‌ల ముందు ఈ మాట అంటున్నందుకు క్షమించాలి. (నవ్వులు)

వెళ్లాలనుకునేవాళ్ల కోసం గబగబా కొన్ని సంగతులు. జీతం తగ్గుతుంది. రాత్రిళ్లు ఆన్‌కాల్ చేస్తే ఇల్లు గడుస్తుంది, చెయ్యి కూడా పూర్తిగా తుప్పు పట్టదు. తుప్పు మాత్రం పడుతుంది. రెండేళ్ల తర్వాత మొదటి హెర్నియా చేసినప్పుడు నాకు ఇంటర్న్‌షిప్ రోజులు గుర్తొచ్చాయి. ఎథిక్స్ అనుమతికి నెలలు పడుతుంది, చేరకముందే కాగితాలు కదలాలి. సూపర్‌వైజర్ పేరు కంటే ముందు అక్కడ ఇంతకుముందు చేసిన ఫెలోని వెతికి ఫోన్ చేయండి. ‘థీసిస్ ఎప్పుడు ఇచ్చావు?’ అని అడగండి. జవాబు తడుముకుంటే ఆ ఉద్యోగం గురించి రెండుసార్లు ఆలోచించండి. డేటా ఎవరిది, పేపర్‌లో మొదటి పేరు ఎవరిది, ఇవి చేరకముందే మాట్లాడుకోండి. చేరాక మాట్లాడితే పోట్లాట అవుతుంది. మిగతావన్నీ తర్వాత మెయిల్‌లో అడగండి, చెప్తాను.

మాకు అంత యంత్రం లేదు కదా అనొచ్చు మీరు. లేకపోతే పోనీ. మీ అందరి దగ్గరా చూపుడు వేలుంది. పీఆర్, అంటే మలద్వారంలో వేలు పెట్టి చూసే పరీక్ష, చేసి కేస్‌షీట్‌లో ‘ఎన్‌ఏడీ’ (తేడా ఏమీ కనిపించలేదు) అని రాసేవాళ్లు ఆ వేలు పెట్టినప్పుడు బిగపట్టమన్నారా? ముక్కమన్నారా? ముక్కినప్పుడు వేలి చుట్టూ కండరం వదిలిందా, పట్టుకుందా? ఒక్క నిమిషం పని. యంత్రం చెప్పేదాంట్లో చాలావరకు అలవాటైన వేలు చెప్తుంది. పేషెంటుకి అర్థమయ్యే మాట వెతుక్కోండి. మా జిల్లాలో ఒకటంటారు, మీ జిల్లాలో ఇంకొకటంటారు. ఆడవాళ్లని అడిగేటప్పుడు సిస్టర్ పక్కనుండాలి, అత్తగారూ కోడలూ గదిలో ఉండకూడదు. బెలూన్ పరీక్ష ఫోలే కేథటర్‌తోనే, అంటే మూత్రానికి పెట్టే గొట్టంతోనే, చేసుకోవచ్చు. 50 మిల్లీలీటర్ల నీళ్లు నింపి, టాయిలెట్‌లో ఒంటరిగా కూర్చోబెట్టి, తలుపేసి, బయట గడియారం చూడటమే. కమోడ్ అలవాటు లేని మనిషైతే అలవాటైన బేసిన్ మీదే కూర్చోనివ్వండి.

నా బ్యాగులో ఒక పాత మానోమెట్రీ కేథటర్ ఉంది, సెన్సర్లు పోయాయని పారేయబోతే అడిగి తెచ్చుకున్నాను. స్టెరిలైజ్ చేసిందే, భయపడకండి. ఫోలే, సిరంజీ కూడా ఉన్నాయి. లైట్లు వేయండి తమ్ముడూ. వెనక వరుసలో చెయ్యెత్తిన అమ్మాయి, నువ్వే ముందు రా తల్లీ. ఆ బెలూన్‌లో 50 మిల్లీలీటర్లు నింపి చేత్తో పట్టుకుని చూడు, ఎంతుంటుందో.